హేమా: పేరొచ్చినంక ఊర్ల బాట వట్టిన పాట

హేమా అంటే మన దిక్కు ఆడివిల్ల పేరు. ఐస్‌లాండ్ భాషల మాత్రం ‘ఇంటికాడ’ అని అర్థం. ‘సిగుర్ రోస్’ బ్యాండు మీద 2007ల వచ్చిన డాక్యుమెంటరీ పేరు గిదే. తీసింది డీన్ డిబ్లాయిస్. ‘లిలో అండ్ స్టిచ్’ కార్టూన్ సినిమా తీసిన ఇద్దరిల ఒకడు.

ఈ బ్యాండు 1994ల రేక్యవిక్‌ల మొదలైంది. దునియంత తిరిగి పేరు తెచ్చుకున్నంక, 2006 ఎండకాలంల సొంత దేశంల పైస దీస్కోకుంట ఊర్లు తిరిగి పాడిండ్రు. గదే ఈ సినిమా.

డ్యూపావిక్‌ల ఎన్నడో మూతవడ్డ హెర్రింగ్ చేపల ఫ్యాక్టరీల వాయించిండ్రు. ‘రీమూర్’ అనే పాతకాలపు పదాలు పాడే స్టేన్‌డోర్ ఆండర్సన్‌ను తోడు దీస్కున్నరు.

వీళ్ల కొన్ని పాటలకు మాటలే ఉండయి, ఉత్త గొంతే. దానికి ‘వోన్లెన్స్కా’ అని పేరు. గందుకే భాష రాదన్న రంది మనకు లేదు.

నాకైతే మనసుల పడ్డది కారాహ్న్యూకర్ డ్యాం కాడి పాట. అల్యూమినియం ఫ్యాక్టరీకి కరెంటు కోసం కట్టిన డ్యాం అది. 57 చదరపు కిలోమీటర్ల చెరువైంది. ‘మా నేల ముంచొద్దు’ అని గుడారాలేసుకున్నోళ్ల కాడికి పోయి, కరెంటు లేకుంటనే వాయించిండ్రు. పాట డ్యాంను ఆపలే. ఆ యేడే నీళ్లు నింపుడు షురూ అయింది. కని వద్దన్నోళ్లు ఉండిరని సినిమాల సాక్ష్యం మిగిలింది.

యూట్యూబ్‌ల జానపదం పాడే తమ్ముళ్లు, చెల్లెండ్లు ఇది జూడాలె. పేరు బైటికి పోయినంక పాట మళ్ల ఎవలకాడికి రావాల్నో గిండ్ల కనవడ్తది.