కెమెరా ఏ ఎత్తున పట్టుకోవాలి?

పల్లెటూరి బొమ్మ గీయమంటే పిల్లలు ఏం గీస్తారో ఎప్పుడైనా గమనించారా? పూరిల్లు, ఎడ్లబండి, చంకన బిందెతో ఒక ఆడమనిషి. చేవెళ్ల, మొయినాబాద్ పిల్లలైనా అంతే. ఇంటి ముందు ట్రాక్టరు ఉంటుంది, చేనులో డ్రిప్పు పైపులుంటాయి, అమ్మ చేతిలో ఫోనుంటుంది. అయినా బొమ్మలోకి ఎడ్లబండే వస్తుంది. సొంత ఊరిని కూడా పిల్లలు సినిమా కళ్లతోనే చూస్తున్నారన్నమాట.

మన పిల్లలు మొదటి నుంచీ ఊరికే చూసేవాళ్లు కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అంటే మా అమ్మ తరానికి వేరే చెప్పక్కర్లేదు. వాళ్ల కార్యక్రమంలో పిల్లలే మైకు ముందు పాడారు, నాటికలు వేశారు.

తర్వాత టీవీ వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ‘సైట్’ అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు కార్యక్రమాలు పంపారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ఉద్దేశం మంచిదే. కానీ మైకు ముందు నిలబడిన పిల్లలు ఇప్పుడు తెర ముందు కూర్చున్నారు. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి, టీ-శాట్, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాక ఆ తెర ఫోను రూపంలో ఎందరో పిల్లల చేతికే వచ్చింది. ఫోనుతోపాటు కెమెరా కూడా వచ్చింది. దాని సంగతి మనం అంతగా పట్టించుకోలేదు.

పట్టించుకున్న ఆడవాళ్లు పక్క జిల్లాలోనే ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళిత రైతు స్త్రీలు, ఎప్పుడో కెమెరా పట్టారు. వాళ్లు పెట్టుకున్న పేర్లు వినండి. పైనుంచి కిందికి తీస్తే పటేల్ షాట్. కిందినుంచి పైకి తీస్తే బానిస షాట్. ఎదుటి మనిషి కళ్లకు సమానంగా పెట్టి తీస్తే సంఘం షాట్. కెమెరా ఎత్తును బట్టి మనిషి విలువ మారిపోతుందని వాళ్లకు తమ బతుకే చెప్పింది.

ఇది నాకు మళ్లీ గుర్తొచ్చింది మా అక్క కూతురి వల్ల. తను మొయినాబాద్ వైపు ఒక సర్కారు బడిలో టీచరు. ఏడో తరగతి పిల్లలకు ‘మా ఊరి రైతు’ మీద మూడు నిమిషాల వీడియో తీయమని చెప్పింది. అన్ని గుంపులూ మగవాళ్లనే తీసుకొచ్చాయి. ట్రాక్టరు మీద నాయన, కింద కూర్చొని తీసిన షాటు, వెనక సినిమా పాట. అచ్చం హీరో ఎంట్రీ.

“మా అమ్మ నాలుగింటికే లేచి చామంతి పూలు తెంపుతది. మరి ఆమె రైతు కాదా టీచర్?” అని ఒక పిల్ల అడిగింది.

మళ్లీ తీయడానికి వెళ్తే ఆ తల్లి కొంగు అడ్డం పెట్టుకుందట. “నన్నెందుకు బిడ్డా, మీ నాయనను తియ్యి.” పిల్ల పక్కనే కూర్చొని, ఫోను అమ్మ ముఖం ఎత్తున పట్టుకుంది. మెల్లగా ఆమె మాట్లాడింది. పూలకు పట్టిన పురుగు, కూలీల ఖర్చు, గుడిమల్కాపూర్ మార్కెట్లో పడిపోయిన ధర. ఇరవై నిమిషాలు. దాన్ని మూడు నిమిషాలకు కుదించేటప్పుడు పిల్లలు బాగా కొట్లాడుకున్నారు. అప్పుడే ఒక పిల్లాడన్నాడు, “అంటే టీవీల గూడ ఎవరో కొన్ని తీసేస్తరన్నట్టు!”

ఎన్ని నీతి పాఠాలు చెబితే ఆ మాట పిల్లాడి నోట వస్తుంది?

2007 జాతీయ రైతు విధానం భూమి లేని కూలీలనూ, కౌలుదారులనూ రైతులుగానే లెక్కించింది. అయినా పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లే రైతు అనుకోవడం మన ఊళ్లలో పోలేదు. తెర మీద కూడా రైతంటే తలపాగా కట్టుకున్న మగమనిషే. అది రోజూ చూసే ఆడపిల్ల, అమ్మ చేసేది పని కాదు, సాయం అనుకుంటూ పెరుగుతుంది. రేపు తన కష్టాన్నీ అలాగే తక్కువ చేసుకుంటుంది.

ఫోను లాక్కోవడం మనకు అలవాటే. ఈసారి ఒక పది నిమిషాలు ఇచ్చి, ఇంట్లో ఎవరు ఏం పని చేస్తారో తీయమనండి. తీసింది పిల్లలతో కలిసి చూడండి. ఎవరు కనిపించలేదో వాళ్లనే చెప్పనివ్వండి.