తెల్లబడిన పగడం, కలిసిపోయిన పొర: అండమాన్ దిబ్బల నుంచి ఒక కణశాస్త్ర ప్రశ్న

2010 ఏప్రిల్, మే నెలల్లో అండమాన్ సముద్రం మామూలు కంటే ఎక్కువగా వేడెక్కింది. ఉపరితల జలాల ఉష్ణోగ్రత 31 డిగ్రీలు దాటింది. పోర్ట్ బ్లెయిర్‌లోని కేంద్రీయ వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ మే నెలలో నీళ్లలోకి దిగి లెక్కగట్టారు. హావ్‌లాక్ దగ్గర పగడాల్లో దాదాపు 69 శాతం, నార్త్ బేలో 42 శాతం, చిడియాటాపులో 37 శాతం పూర్తిగా తెల్లబడినట్టు తేలింది. ఒకే సముద్రం, ఒకే వేసవి. తేడాలకు లోతు, వెలుతురు, పగడపు జాతి కారణాలని చెబుతారు. అవి నిజమే. కానీ ఆ కారణాలన్నీ చివరికి పనిచేసేది ఒక కణం లోపల, ఒక పలుచని పొర దగ్గర. ఈ వ్యాసం ఆ పొర గురించి.

పగడపు గోధుమ వన్నె చాలావరకు దాని కణాల్లో కాపురముండే శైవలాలది; అవి పోతే పగడం తెల్లబడుతుంది. పగడం లోపలి పొర కణం వాటిని మింగుతుంది గానీ అరిగించుకోదు. సింబియోజోమ్ అనే సంచిలో ఉంచి, అవి వండే చక్కెర మీద బతుకుతుంది. పగడానికి దగ్గరి చుట్టమైన ఐప్టేషియా అనే చిన్న సముద్రపు పువ్వు స్పర్శకాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ఇది కళ్లకు కడుతుంది. గాజులా పారదర్శకంగా ఉన్న కణజాలంలో సుమారు పది మైక్రాన్ల గుండ్రటి గోధుమ గింజలు బారులు తీరి ఉంటాయి. నీలి కాంతి వేస్తే వాటిలోని పత్రహరితం ఎర్రగా వెలుగుతుంది. మింగిన తిండిని అరిగించే సరంజామా అంతా పక్కనే లైసోజోమ్‌లో సిద్ధంగా ఉంది. అయినా ఆ గింజలు పదిలం. రెండు పొరలు పక్కపక్కనే ఉన్నంత మాత్రాన కలిసిపోవు, ఎవరో కలపాలి.

కలిపేవి స్నేర్ ప్రోటీన్లు. పొరలు పరస్పరం తోసుకుంటాయి, మధ్యలో నీటి అణువులు అడ్డు. ఒక పొర నుంచి ఒక పేట, ఎదుటి పొర నుంచి మూడు పేటలు వచ్చి, మోకుకు పురి పెట్టినట్టు మెలిపడితే, ఆ బిగువుకే రెండు పొరలూ దగ్గరకు లాగబడి ఒకటవుతాయి. కణంలో సంచుల ద్వారా సరుకు చేరవేసే ఈ రవాణా యంత్రాంగం గుట్టు విప్పినందుకే రాత్‌మన్, షెక్‌మన్, జూడాఫ్‌లకు 2013 నోబెల్ దక్కింది. ఆటోఫజీ, అంటే కణం తన సొంత సరుకునే జీర్ణించుకునే ప్రక్రియ మీద పనికి 2016లో ఒసుమికి వచ్చింది. ఈ రెండు దారులూ కలిసే చోట సింటాక్సిన్ 17 అనే స్నేర్ ఉంది.

2012లో మిజుషిమా బృందం చూపింది ఇదీ: పాత సరుకును చుట్టుకునే రెండు పొరల సంచి పూర్తిగా మూసుకున్నాకే సింటాక్సిన్ 17 దాని మీద చేరుతుంది. స్నాప్ 29 రెండు పేటలతో దానికి జత కడుతుంది. లైసోజోమ్ మీదున్న వ్యాంప్ 8 నాలుగో పేట. ఈ వరసక్రమం నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగిస్తుంది. సంచి మూతి ఇంకా తెరిచి ఉండగానే కలయిక జరిగితే లైసోజోమ్ ఎంజైములు కణద్రవంలోకి ఒలికిపోతాయి. పేటలు మెలిపడే ముందు పొరలను ఒకచోట పట్టి ఉంచేది హాప్స్ అనే ప్రోటీన్ల సముదాయం, దానికి రాబ్ 7 అనే ప్రోటీన్ తోడు. వైకేటీ 6 అనే మరో స్నేర్ కూడా సింటాక్సిన్ 17 లాగే ఈ కలయిక జరపగలదని 2018లో తేలింది.

ఇక పగడం దగ్గరికి. ఐప్టేషియాలో బతికున్న శైవలాల సంచుల మీద రాబ్ 7 కుటుంబానికే చెందిన రాబ్ 5 ఉంటుంది, రాబ్ 7 ఉండదు. కిరణజన్య సంయోగక్రియను ఆపితే రాబ్ 7 వచ్చి చేరుతుంది. 2007లో డన్, ఆయన సహచరులు మామూలు వేడిలోనే రాపమైసిన్ మందుతో ఆటోఫజీని రేపి ఐప్టేషియాను తెల్లబరిచారు. వేడి పెట్టినప్పుడు మాత్రం ఆటోఫజీని ఒక్కదాన్నే ఆపితే చాలలేదు. కణమరణాన్నీ దానితోపాటు ఆపినప్పుడే తెల్లబడడం ఆగింది. 2009లో డౌన్స్ బృందం పోసిలోపోరా పగడంలో, శైవలాన్ని పోషించే సంచి వేడికీ వెలుతురుకీ దాన్ని అరిగించే సంచిగా మారడం చూసి, దానికి సింబియోఫజీ అని పేరు పెట్టింది.

తెల్లబడడాన్ని మనం శైవలాల బహిష్కరణ అంటాం. ఆ మాట సగమే నిజం. సంచి పొర కణపు వెలుపలి పొరతో కలిస్తే శైవలం బయటికి పోతుంది, ప్రాణంతో ఉండొచ్చు. లైసోజోమ్‌తో కలిస్తే అక్కడే అరిగిపోతుంది. పైకి రెండూ తెలుపే. కోలుకునే తీరు ఒకటే అవుతుందని అనుకోవడానికి ఆధారం లేదు. కాబట్టి తెల్లబడిన శాతం ఎంత అన్న ప్రశ్న పక్కన, ఏ పొరతో కలిసింది అన్న ప్రశ్న కూడా ఉండాలని నా వాదన.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం, ఉపగ్రహాలు కొలిచిన వేడి ఆధారంగా అండమాన్, నికోబార్ దిబ్బలకు హెచ్చరికలు ఇస్తోంది. నీరు ఎంత కాగిందో, ఎన్ని వారాలుగా కాగిందో అవి చెబుతాయి. సంచి ఏ పొరతో కలిసిందో చెప్పలేవు. అది తెలియాలంటే హెచ్చరిక వెలువడిన మొదటి రోజు నుంచీ రోజూ చిటికెన వేలి గోరంత ముక్క చొప్పున నార్త్ బే, చిడియాటాపు, హావ్‌లాక్‌ల నుంచి తీసి ద్రవ నత్రజనిలో గడ్డకట్టించాలి. రాతి పగడాలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నందున అనుమతులు వేసవికి ముందే చేతిలో ఉండాలి. కొమ్మలుగా పెరిగే ఆక్రోపోరా, బండలా పెరిగే పోరైటిస్, రెండూ కావాలి. ముందుగా చూడాల్సింది రాబ్ 7 ఏ రోజున సంచి మీదికి ఎక్కిందో, అప్పటికి పగడం కంటికి ఇంకా గోధుమగానే ఉందో లేదో.