అరసున్నయు అవశేషావయవములును

పరిణామవాదమందలి అవశేషావయవచర్చకు మన లిపితో నొక చుట్టఱికము గలదు. 1859లో డార్విను అట్టి యవయవములను, పలుకున నశించియు వ్రాఁతలో నిలిచి వ్యుత్పత్తికి ఆనవాలగు అక్షరములతోఁ బోల్చెను. తెనుఁగున అరసున్న యట్టిదే. 'మూఁడు'లోని యా సున్న తమిళ 'మూన్ఱు'లో నేఁటికిని వినవచ్చు అనునాసికమునకు శేషము. శ్రీకాకుళసీమ పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి, విజయనగరపు గురజాడ అప్పారావు వాదించిన వాడుకభాషాన్యాయముచే నిది బాలురకు భారమే; మేమును గాదనము. కాని 'వీడు' పురము, 'వీఁడు' మనుజుఁడు. నోటఁ జచ్చిన గుఱుతునకు వ్రాఁతలో వేఱొక పని కుదిరినది.

ఉండుకమును (ఇరవైనాలుగు గంటల నొప్పిచే మన జనులెల్ల నెఱిఁగినదే) డార్విను 1871లో అవశేషమనెను. అది దేహరక్షణకుఁ దోడ్పడునని తరువాతఁ దేలఁగా, కొందఱు పరిణామమే కల్ల యనిరి. అవశేషమనఁగా వ్యర్థమని గాదు, తొలిపని తప్పినదని యర్థము. ఉండుకము పుట్టుక నింకను విచారింపవచ్చును. పెక్కురకుఁ జెవిని గదల్పనైనఁ జాలని చెవికండరముల కేమి చెప్పుదురు?