దాచిన సొమ్ము, పంచిన సొమ్ము: సయాం ప్రజల పొదుపు చరిత్ర

1351లో స్థాపితమై 1767లో బర్మా సేనల చేతిలో నేలమట్టమైన అయుత్థయ రాజ్యంలో ఒక ప్రభువు కలిమిని అంచనా వేయడానికి అతని ఖజానా కంటె అతని అధీనంలోని మనుషుల సంఖ్యే నమ్మదగిన కొలబద్దగా ఉండేది. భూమి అపారం, జనం పలుచన. దున్నేవాడు లేని నేలకు విలువ లేదు గనుక రాజ్యవ్యవస్థ యావత్తూ మనుషుల శ్రమను పంచుకోవడం చుట్టూ అల్లుకుంది. పదిహేనవ శతాబ్దంలో త్రైలోకనాథుని పాలనకు ఆపాదింపబడే శక్తినా వ్యవస్థ, యువరాజుకు లక్ష, సామాన్య కర్షకునికి ఇరవై ఐదు, బానిసకూ యాచకునికీ ఐదు చొప్పున ప్రతివానికీ ఒక అంకె కేటాయించి, సమాజంలో అతని స్థానాన్ని ఆ అంకెతోనే నిర్ణయించింది. ‘ఫ్రై’ అని వ్యవహరింపబడిన స్వతంత్ర కర్షకుడు సైతం సంవత్సరంలో ఆరు మాసాలు రాజుకు వెట్టి చేయవలసి ఉండేది. పదునాల్గవ లూయీ దూతగా 1687లో సయాం చేరి, 1691లో ఆ దేశాన్ని గూర్చి గ్రంథం ప్రకటించిన సిమోన్ ద లా లూబేర్ ఈ ఆరు మాసాల సేవను ప్రత్యేకంగా నమోదు చేశాడు.

సంవత్సరంలో సగం తనది కాని మనిషికి, మిగిలిన సగంలో కూడబెట్టినది తనవద్దే నిలుస్తుందన్న భరోసా ఎక్కడిది? పై అంతస్తుల వారి స్థితి ఇంతకంటె భద్రమైనదేమీ కాదు. ఉన్నతోద్యోగి మరణిస్తే అతని ఆస్తిలో ఒక భాగం రాజుకు చెందాలని ధర్మశాసనం; బ్రతికి ఉండగా రాజాగ్రహానికి గురైతే మిగిలేది ఏదీ లేదు. అటువంటి రాజ్యంలో కంటికి కనిపించే సంపద ప్రమాదహేతువు కనుక, చేతనైనవాడు వెండిని మట్టిలో పాతిపెట్టాడు, లేదా బంగారం రూపంలో భార్యాబిడ్డల ఒంటిమీద ఉంచాడు, లేదా ఆశ్రయమిచ్చే ప్రభువుకూ ఆపదలో ఆదుకునే బంధువుకూ సంఘారామానికీ సమర్పించి దానిని మరొక రూపంలో భద్రపరచుకున్నాడు. థాయి ప్రజలకు రేపటి చింత లేదని తరువాతి కాలంలో తీర్పు చెప్పినవారు ఈ మూడవ మార్గాన్ని కేవలం వ్యయంగానే లెక్కించారు. దానిని పొదుపుగా కూడ లెక్కించక తప్పదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

దానం ఆ దేశంలో ఎంతటి మహిమను సంతరించుకున్నదో తెలుసుకోవాలంటే వెస్సంతర జాతకానికి అక్కడ లభించిన స్థానాన్ని గమనించాలి. రాజ్యానికి వర్షం తెచ్చే ఏనుగునూ, కడకు తన బిడ్డలనూ భార్యనూ సైతం అడిగినవారికి ఇచ్చివేసిన ఆ రాజకుమారుని కథను ‘మహాజాతకం’ పేరుతో విహారాలలో పారాయణం చేయించడం శతాబ్దాలుగా సాగుతున్న ఆచారం. ఈ కథ మనకు పరాయిది కాదు. పల్నాటి గోలి స్తూపపు శిల్పపట్టికలో ఇదే కథ ఘట్టాలు ఘట్టాలుగా చెక్కబడి ఉంది. అయితే మన నేలపై శిల్పంగా మిగిలినది అక్కడ జీవితాదర్శంగా నిలిచింది. వర్షావాసం ముగిసిన తరువాతి మాసంలో, భిక్షువులకు చీవరాలు సమర్పించే కఠినోత్సవం వస్తే, ఊరంతా చందాలు పోగుచేసి, కరెన్సీ నోట్లను ఆకులవలె గుచ్చిన కొమ్మలతో ఊరేగింపుగా విహారానికి వెళుతుంది. కుమారునికి ఉపసంపద, అంటే భిక్షుదీక్ష, చేయించడానికి, తల్లిదండ్రులకు అంత్యక్రియలు జరపడానికి అప్పు చేసిన కుటుంబాన్ని ఊరు తప్పుపట్టదు. అయుత్థయలో రెండవ బొరొమరాజు 1424లో నిర్మింపజేసిన రాచబురణ విహారపు గర్భకుహరంలో 1957లో దొంగలు చొరబడినప్పుడు వారికి దొరికినదీ, వారు పోగా మిగిలి ప్రభుత్వ పురావస్తుశాఖ వెలికితీసినదీ అయిన స్వర్ణరాశి ఐదు శతాబ్దాలకు పైగా ఎవరి అనుభవానికీ రాకుండా చీకటిలో ఉండిపోయినది. ఖడ్గం, కిరీటం, బంగారు ఏనుగు బొమ్మ. వీటిని అక్కడ ఉంచినవారి దృష్టిలో అది వృథా కాలేదు, పుణ్యంగా జమ అయింది.

బుద్ధుడు గృహస్థులకు విత్తసంచయాన్ని నిషేధించాడని మాత్రం ఎవరూ అనలేరు. సిగాలోవాద సూత్రం ఆదాయాన్ని నాలుగు పాళ్లు చేసి, ఒక పాలు అనుభవానికీ, రెండు పాళ్లు వృత్తివ్యాపారాలకూ, నాల్గవది ఆపత్కాలానికీ ఉంచుకొమ్మని స్పష్టంగా ఉపదేశించింది. ఉపదేశం ఉన్నది, దానిని పాటించడానికి కావలసిన రాజకీయ భద్రత లేదు.

పాతిపెట్టిన వెండికి ఉన్న చారిత్రక ప్రాముఖ్యం అయుత్థయ పతనానంతరం బ్యాంకాక్ రాజధానిగా ఏలిన వంశపు మూడవ రామరాజు కాలంలో ఒక విచిత్రమైన రీతిలో బయటపడింది. 1830ల ఆరంభంలో వరదల వలన పంట పోయి, బియ్యం వెల పెరిగి, ప్రజలు కొనడానికి చేతిలో డబ్బు లేదని మొరపెట్టుకున్నారు. ముద్రవేసి విడుదల చేసిన వెండి అంతా ఏమైపోయిందని రాజు విస్మయపడ్డాడు. నల్లమందు వర్తకుల వద్దకు చేరి ఉంటుందని అనుమానించి సోదాలు జరిపించగా ఆశించిన ధనం దొరకలేదు. అప్పుడు మద్యం సుంకాన్ని గుత్తకు తీసుకున్న హొంగ్ అనే చైనా సంతతి ధనికుడు, ప్రజలు సొమ్మును నేలలో పాతిపెట్టుకున్నారనీ, దానిని పైకి రప్పించాలంటే చైనాలో ఉన్న రీతిని లాటరీ ఒకటి నడపాలనీ విన్నవించాడు. 1835లో ఆ విధంగా ‘హుయి’ మొదలైంది. చైనా పేర్లు గుర్తుంచుకోలేని థాయి జనం కోసం ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క థాయి అక్షరం జతచేయగా, అక్షరంపై పందెం కాయడం రాజధానిలో కొద్దికాలంలోనే నిత్యకృత్యమైంది. ఈ వృత్తాంతాన్ని మనకు అందించిన చరిత్రకారుడు దామ్రోంగ్ రాజకుమారుడు.

ఈ ఘటనను తూచి చూడాలి. దాచుకునే అలవాటు లేని జనమైతే పాతిపెట్టిన వెండి ఉండేది కాదు. రాజుకు ఆ వెండిని వెలికితీయవలసిన అవసరమూ కలిగేది కాదు. పాలకుల ఉద్దేశం కూడ దుష్టమైనది కాదు, చలామణి స్తంభించిన వేళ వారికి తోచిన ఉపాయమది. కాని ఎనభై ఏండ్ల పాటు ప్రభుత్వమే గుత్తకిచ్చి, ఆదాయం పొందుతూ నడిపిన జూదం ఒక జాతి అలవాట్లపై ముద్ర వేయకుండా ఉండదు. జూదశాలల గడప వద్దనే తాకట్టు వ్యాపారం వర్ధిల్లింది. బాకీ తీర్చలేనివాడు బిడ్డను, తనను అమ్ముకున్నాడు. చులాలాంగ్‌కార్న్ రాజు 1874 శాసనంతో ప్రారంభించి 1905 శాసనంతో పూర్తి చేసిన దాస్యవిమోచనంలో, మిగిలి ఉన్న బానిసల ఋణాన్ని నెలకు 4 బాత్‌ల చొప్పున తగ్గిస్తూ పోవాలని విధించడం ఆ దాస్యంలో అధికభాగం అప్పు నుండి పుట్టినదేనని రుజువు చేస్తుంది.

1855లో బౌరింగ్ సంధి కుదిరి సయాం బియ్యం ప్రపంచ విపణికి చేరిన తరువాత చేతిలో డబ్బు ఆడే రైతులు మొదటిసారిగా పెద్ద సంఖ్యలో ఏర్పడ్డారు. మిల్లు, పడవ, అంగడి, సుంకపు గుత్త మాత్రం చైనా వలసదారుల చేతికి వెళ్లాయి. ఆరవ రామగా ప్రసిద్ధుడైన వజిరావుధ్ రాజు 1914లో మారుపేరుతో రాసిన వ్యాసంలో చైనీయుల ధనార్జనాసక్తిని ఐరోపా యూదు ద్వేషుల భాషలో నిందించాడు; అది విద్యావంతుడైన ఒక పాలకునికి శోభనిచ్చే రచన కాదు. వెట్టికి లోబడని వలసదారునికి తన శ్రమఫలం తనదిగా మిగిలిందన్న తేడాను ఆ వ్యాసం పట్టించుకోలేదు. అయినా ఇదే రాజు తన ప్రజల కోసం చేసిన పనిని విస్మరించడం న్యాయం కాదు. యువరాజుగా ఉండగానే తన పరివారంతో ఒక చిన్న పొదుపు బ్యాంకును ప్రయోగాత్మకంగా నడిపించి, 1913 ఏప్రిల్‌లో ప్రభుత్వ పొదుపు కార్యాలయాన్ని స్థాపించాడు. 1916లో హుయిని, 1917లో జూదశాలలను, వాటివలన వచ్చే రాబడిని వదులుకుని మూయించాడు.

గ్రామీణ ఋణభారానికి చికిత్స వెదకుతున్న ఆ కాలంలో మద్రాసు బ్యాంకు అధిపతి సర్ బెర్నార్డ్ హంటర్‌ను సయాం ప్రభుత్వం పిలిపించి సలహా అడిగింది. మన జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు రాజధానిలో అప్పటికే వేళ్లూనుకుంటున్న సహకార పరపతి పద్ధతినే ఆయన సూచించాడు. ఫలితంగా 1916 ఫిబ్రవరి 26న ఫిట్సనులోక్‌లో 16 మంది సభ్యులతో వాట్ చన్ సహకార సంఘం ఏర్పడింది. మూలధనం కోసం సయాం కమర్షియల్ బ్యాంకు నుండి 3,000 బాత్‌లు అప్పు తెచ్చారు. పొదుపుతో కాక అప్పుతో మొదలైన సంఘమది. ఆ లక్షణం తరువాతి దశాబ్దాలలోనూ పూర్తిగా వదలలేదు.

సామాన్యుల బ్యాంకు వేరే చోట ఉంది. బ్యాంకాక్ చైనా బజారు యావరాత్ వీధిలోనూ, ప్రతి చిన్న పట్టణంలోనూ ఎర్రరంగు గోడలతో మెరిసే బంగారు దుకాణంలో, 96.5 శాతం స్వచ్ఛత గల గొలుసును ‘బాత్’ లెక్కన తూచి అమ్ముతారు. నగలో ఒక బాత్ 15.16 గ్రాములు, అంటే మన రెండు కాసుల కంటె కొంచెం తక్కువ. వర్తక సంఘం ప్రకటించిన రోజువారీ ధరకు అదే దుకాణం మరల కొంటుంది గనుక ఆ గొలుసు ఆభరణమూ పొదుపు ఖాతా కూడ. మే నెలలో బడులు తెరిచే వేళ ఏకరూప దుస్తులకూ, పుస్తకాలకూ, ఫీజులకూ డబ్బు కావలసిన తల్లి ఆ గొలుసును తాకట్టు కొట్టుకు తీసుకువెళుతుంది. 1955 నుండి ప్రభుత్వమే నడుపుతున్న తాకట్టు కొట్లు ఈ ఋతువు కోసం ముందుగానే నిధులు సమకూర్చుకుంటాయి. 1962 శాసనం వడ్డీకి పరిమితి పెట్టింది: మొదటి 2,000 బాత్‌లకు నెలకు 2 శాతం, ఆపై మొత్తానికి 1.25 శాతం. బంగారం లేనివారు వడ్రంగి పనిముట్లో, ఇస్త్రీపెట్టో తెచ్చి కుదువపెట్టి రసీదు పుచ్చుకుంటారు. పని దొరికి డబ్బు రాగానే విడిపించుకుంటారు. దీనిని దుబారా అనే సాహసం ఎవరికి ఉంటుంది?

1958లో అధికారం చేజిక్కించుకున్న సరిత్ థనరత్ సేనాని అభివృద్ధిని రాజ్యధర్మంగా ప్రకటించి, ఉన్నదానితో తృప్తి చెందడమనే సంతోషగుణాన్ని బోధించవద్దని భిక్షుసంఘాన్ని కోరడం ఈ చరిత్రలో ఒక మలుపు. తృప్తి ఉత్పత్తికి అడ్డంకి అని ఆయన వాదం. అనుభవించడంలో తృప్తిని, కృషిలో అతృప్తిని ఒకేసారి బోధించిన ధర్మాన్ని అది సగమే చదివింది. తరువాతి ముప్పై ఏండ్లలో దేశం నిజంగానే సంపన్నమైంది. జాతీయ పొదుపు రేటు 1990ల ఆరంభానికి స్థూలోత్పత్తిలో మూడింట ఒక వంతును దాటింది. అయితే అందులో పెద్ద భాగం సంస్థలదీ ప్రభుత్వానిదీ. బ్యాంకుకు వెలుపల జనం మనవారు చీటీపాట అనే పద్ధతినే ‘షేర్’ అనే పేరుతో ఆడేవారు. అదే నమ్మకాన్ని ఆసరా చేసుకుని పెట్రోలు వ్యాపారం పేర వేలాది మందిని ముంచిన చమోయ్ తిప్యసో అనే మహిళకు 1989లో న్యాయస్థానం 1,41,078 సంవత్సరాల కారాగారవాసం విధించింది. అనుభవించినది ఎనిమిదేండ్ల లోపే.

1997 జూలై 2న బాత్ విలువను ప్రభుత్వం విపణికి వదిలివేయగా, డాలరుకు 25 ఉన్న మారకం ఆరు నెలలలో 50 దాటింది. ఆ డిసెంబరులో 56 ఫైనాన్సు కంపెనీలు శాశ్వతంగా మూతపడ్డాయి. ఈ పతనానికి ప్రజల ఖర్చుబుద్ధిని కారణంగా చూపినవారు ఉన్నారు. విదేశాల నుండి స్వల్పకాలిక ఋణాలు తెచ్చి భవనాలపై పెట్టిన కంపెనీల బాధ్యత దానికంటె అనేక రెట్లు పెద్దది. బ్యాంకాక్‌లో నిన్నటి ధనికులు కార్లూ గడియారాలూ చేతిసంచులూ వీధిపక్కన అమ్ముకునే సంత వెలసింది. డిసెంబరు 4న భూమిబల్ రాజు చేసిన ప్రసంగం వేగంగా ఎదిగే ఆర్థికశక్తిగా, అంటే ‘పులి’గా, మారడం కంటె తినడానికీ బ్రతకడానికీ చాలినంత ఉండడం ముఖ్యమని చెప్పి, చాలినంత ఆర్థికవిధానం అనే భావనకు జాతీయ ప్రచారం కల్పించింది. ఉదోన్ థానీ అరణ్యవిహారానికి చెందిన భిక్షువు మహాబువ 1998లో జాతిని ఆదుకొమ్మని పిలుపునివ్వగా, ఊరూరా స్త్రీలు గొలుసులూ ఉంగరాలూ తీసి ఇచ్చారు. కేంద్రబ్యాంకు నిల్వలకు ఆ దానాల ద్వారా పన్నెండు టన్నులకు పైగా బంగారం చేరింది. కుటుంబం ఆపత్కాలానికి ఒంటిమీద దాచుకున్నది రాజ్యపు ఆపత్కాలానికి పుణ్యకార్యంగా మారి వెళ్లడంలో, ఆ సమాజంలో దాచడానికీ ఇవ్వడానికీ నడుమ ఉన్న దూరం ఎంత స్వల్పమో తెలుస్తుంది.

2001లో అధికారానికి వచ్చిన తక్సిన్ ప్రభుత్వం ఒక్కొక్క గ్రామానికి పది లక్షల బాత్‌ల నిధి ఇచ్చింది. వడ్డీ వ్యాపారి గుప్పిటలో ఉన్న పల్లెకు అది ఊరట కలిగించిన మాట నిజం. ఒక అప్పు తీర్చడానికి మరొక అప్పు తెచ్చే వలయాన్ని అనేక చోట్ల విస్తరింపజేసిన మాట కూడ నిజమే. తదుపరి రెండు దశాబ్దాలలో కుటుంబాల ఋణం స్థూలోత్పత్తిలో 90 శాతం సమీపానికి చేరింది. దీనికి సమాంతరంగా త్రాత్ రాష్ట్రంలో ఫ్ర సుబిన్ పణీతో అనే భిక్షువు నడిపించిన ‘సత్య పొదుపు సంఘాలు’ మరొక దారి పట్టాయి. నెలకు ఒక నిర్ణీత దినాన గ్రామస్థులు విహారపు మండపంలో చేరి, మాట తప్పమని ప్రతిజ్ఞ చేసి, తమ శక్తికి తగిన చిన్న మొత్తాన్ని అందరి ఎదుట పుస్తకంలో రాయిస్తారు. ఆ సొమ్ము నుండే అప్పులిస్తారు. వడ్డీగా వచ్చినదానిలో సగం సభ్యులకు పంచి, సగం రోగులకూ చావుఖర్చులకూ కేటాయిస్తారు. వాట్ చన్ సంఘం అప్పు తెచ్చి మొదలైతే ఇవి సభ్యుల పొదుపుతోనే మొదలయ్యాయి. జూదమాడే జనమని, దాచలేని జనమని పేరుపడినవారే ఇక్కడ సభ్యులు. 2015లో ప్రారంభమైన జాతీయ పొదుపు నిధి, 50 బాత్‌ల నుండి జమ స్వీకరించి దానికి ప్రభుత్వ వాటాను చేర్చి, ఉద్యోగభద్రత లేని శ్రామికులను ఇదే దారికి తేవడానికి యత్నిస్తున్నది. త్రాత్ మండపంలో డబ్బు లెక్కించేవాడు ఇరుగుపొరుగువాడు, సాక్షి భిక్షువు. రాజధానిలోని కార్యాలయానికి ఆ సాక్ష్యాన్ని సమకూర్చుకోవడమే కష్టతరమైన పని.