బిల్లు పడని వస్తువుతో బయటికొస్తే దొంగతనం కేసేనా? షాపు 'డిమాండ్ లెటర్' పంపితే డబ్బు కట్టాలా?

మామిడికుదురు నుంచి అమలాపురం వెళ్లి సూపర్‌మార్కెట్‌లో సరుకులు కొన్నారనుకుందాం. ట్రాలీ అడుగున ఉన్న నూనె ప్యాకెట్‌కు బిల్లు వేయించడం మరిచిపోయారు. గేటు దగ్గర సిబ్బంది ఆపి, "పది రెట్లు కట్టండి, లేదంటే పోలీసులను పిలుస్తాం" అన్నారు. అమెరికాలో చదువుతున్న మీ అమ్మాయికీ సెల్ఫ్ చెకౌట్ దగ్గర ఇలాంటి పొరపాటే జరిగింది. కొన్ని రోజులకు డబ్బు కట్టమంటూ లాయర్ ఆఫీసు నుంచి లేఖ వచ్చింది. ఈ రెండు చోట్లా చట్టం ఏం చెబుతోంది?

పొరపాటు నేరమవుతుందా?

కాదు. భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 303 ప్రకారం దురుద్దేశంతో తీసుకుంటేనే దొంగతనం. అయితే ఆ ఉద్దేశాన్ని పరిస్థితులను బట్టే అంచనా వేస్తారు. వస్తువు ట్రాలీలో అందరికీ కనిపించేలా ఉండటం వేరు, ధర లేబుల్ చింపి బ్యాగులో దాచడం వేరు.

నేరం రుజువైతే మూడేళ్ల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. వస్తువు విలువ రూ.5,000 లోపు ఉండి, తొలిసారి దోషిగా తేలినవారు దాన్ని లేదా దాని విలువను తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవ శిక్షగా వేస్తారు.

షాపు వాళ్లు నిర్బంధించవచ్చా?

రూ.5,000 లోపు దొంగతనం నాన్ కాగ్నిజబుల్, బెయిల్ ఇవ్వదగ్గ నేరం. మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు, మామూలుగా వారెంట్ లేకుండా అరెస్టు కూడా చేయలేరు. పేరు, చిరునామా చెప్పడానికి నిరాకరిస్తే మాత్రం అదుపులోకి తీసుకోవచ్చు. సామాన్య పౌరులు ఎవరినైనా పట్టుకునే అధికారం కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ నేరాలకే ఉంది. కాబట్టి ఇంత చిన్న మొత్తానికి గదిలో కూర్చోబెట్టి తాళం వేస్తే అక్రమ నిర్బంధం (సెక్షన్ 127) కిందకు రావచ్చు.

'పది రెట్లు' కట్టాలా?

షాపు తనంతట తాను జరిమానా విధించే చట్టం మన దేశంలో లేదు. గోడ మీద బోర్డు పెట్టినంత మాత్రాన ఆ అధికారం రాదు. నష్టం జరిగిందనుకుంటే సివిల్ కోర్టుకు వెళ్లాలి. కేసు పెడతామని భయపెట్టి డబ్బు గుంజితే అది బలవంతపు వసూలు (సెక్షన్ 308) కావచ్చు. వస్తువు యజమాని ఒప్పుకుంటే దొంగతనం కేసులో రాజీకి చట్టం వీలు కల్పిస్తోంది.

అమెరికాలో తేడా ఏమిటి?

అక్కడి రాష్ట్రాల చట్టాలు డిమాండ్ లెటర్‌కు వీలిస్తున్నాయి. వస్తువు విలువ, నష్టంతోపాటు న్యూజెర్సీలో 150 డాలర్ల వరకు, కాలిఫోర్నియాలో 50 నుంచి 500 డాలర్ల వరకు అదనంగా అడగొచ్చు. ఈ లేఖ కోర్టు సమన్లు కాదు. కట్టకపోతే షాపు సివిల్ దావా వేయొచ్చు.

అసలు ప్రమాదం మరోచోట ఉంది. ఆ డబ్బు కట్టినా క్రిమినల్ కేసు పోదు. 2024 మార్చిలో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో కొన్ని వస్తువులకు డబ్బు చెల్లించలేదన్న ఆరోపణపై ఇద్దరు తెలుగు విద్యార్థినులు అరెస్టయ్యారు. రెట్టింపు కడతామన్నా పోలీసులు ఒప్పుకోలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. దొంగతనానికి పాల్పడితే వీసా రద్దు కావచ్చని, మళ్లీ రాకపోవచ్చని భారత్‌లోని అమెరికా ఎంబసీ 2025 జులైలో హెచ్చరించింది. కేసు కొట్టేసినా, వీసా దరఖాస్తులో అరెస్టు విషయం చెప్పాల్సిందే.

ఏం చేయాలి?

• గొడవ పడకుండా బిల్లు, పేమెంట్ మెసేజ్ చూపించండి. మిగతా ధర కడతామని చెప్పండి.
• "దొంగతనం చేశాను" అని రాసిన కాగితంపై సంతకం పెట్టొద్దు.
• సీసీటీవీ ఫుటేజీ భద్రపరచాలని షాపును రాతపూర్వకంగా కోరండి.
• మహిళలను సోదా చేయాల్సి వస్తే మరో మహిళే చేయాలి.
• అమెరికా నుంచి లేఖ ఫొటో వాట్సాప్‌లో వస్తే కంగారుపడి డబ్బు పంపొద్దు. అలాగని పక్కన పడేయొద్దు. క్రిమినల్, ఇమిగ్రేషన్ లాయర్లిద్దరినీ సంప్రదించమనండి. కోర్టు వాయిదా ఉంటే తప్పనిసరిగా హాజరు కావాలి.
• ఇక్కడైతే న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఇది ఉచితం.