అరకులోయ గిరిజన సంస్కృతి విడిదులు

అరకులోయకు వచ్చే పర్యాటకుల బస కోసం, స్థానిక గిరిజనుల ఇళ్ళ తీరును, ఆటపాటలను, ఆహారాన్ని నేపథ్యంగా తీసుకొని ఏర్పాటు చేసిన అతిథిగృహాలను, కుటీరాలను గిరిజన సంస్కృతి విడిదులు అనవచ్చును. అరకులోయ ఆంధ్రప్రదేశ్‌లో, తూర్పు కనుమలలో, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇది పూర్వం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో కొత్తగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. ఇది రాజ్యాంగం అయిదవ షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతం. ఇక్కడి విడిదుల స్వరూపాన్ని ప్రకృతి అందం ఎంతగా నిర్ణయించిందో, ఈ చట్టబద్ధమైన స్థితి కూడా అంతగానే నిర్ణయించింది.

ప్రయాణం

విశాఖపట్నం నుండి అరకులోయ రోడ్డు మార్గంలో సుమారు 115 కిలోమీటర్లు. రైలులో వెళ్ళేవారు కొత్తవలస - కిరండూల్ మార్గంలో ప్రయాణిస్తారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుండి జపానుకు చేర్చడానికి 1960ల దశకంలో నిర్మించిన మార్గమిది. యాభైకి పైగా సొరంగాలగుండా సాగుతుంది. పర్యాటకుల కోసం 2017 ఏప్రిల్‌లో అద్దాల పైకప్పు గల విస్టాడోమ్ పెట్టెను ఈ మార్గంలో ప్రవేశపెట్టారు.

విడిదులు

అరకులోయలో ప్రధానమైన విడిదులను ఆంధ్రప్రదేశ్ పర్యాటకాభివృద్ధి సంస్థ నెలకొల్పింది. మొదట 'పున్నమి' పేరుతో నడిచిన ఈ సంస్థ హోటళ్ళు తరువాత 'హరిత' పేరుతో ప్రసిద్ధమైనాయి. వీటిలో గిరిజన మ్యూజియం సమీపంలో ఉన్న మయూరి విడిది పర్యాటకులకు బాగా పరిచితమైనది. విశాఖ నుండి వచ్చేదారిలో, ఘాట్ రోడ్డు మొదట్లో ఉన్న టైడా వద్ద 'జంగిల్ బెల్స్' పేరుతో చెక్క కుటీరాలు ఉన్నాయి. పద్మాపురం ఉద్యానవనంలో చెట్ల కొమ్మల నడుమ చిన్న కుటీరాలు నిర్మించారు. ఈ తోట రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి వేసినది.

గిరిజన మ్యూజియాన్ని 1996లో ఏర్పాటు చేశారు. మట్టిగోడల భవనంలో వేట పనిముట్లు, వంట పాత్రలు, నగలు, వాద్యాలు ప్రదర్శనకు ఉంచారు. విడిదికి చేరినవారు ముందుగా దీనిని చూడడం మంచిది. విడిది గోడలమీది బొమ్మలలో గిరిజనులందరూ ఒక్కతీరుగా కనబడతారు. మ్యూజియం చూసిన తరువాత అది నిజం కాదని తెలుస్తుంది.

స్థానిక తెగలు

అరకు పరిసరాలలో బగత, కొండదొర, కోదు, పొర్జ, గదబ, వాల్మీకి, కొటియ, నూకదొర మొదలైన తెగలవారు నివసిస్తారు. వీరి భాషలు కూడా ఒకటి కావు. కోదుల కువి భాష తెలుగువలె ద్రావిడ భాష. గదబలలో ఒక శాఖవారి గుటోబ్ ముండా కుటుంబానికి చెందినది, అంటే సవర భాషకు బంధువు. తెగల మధ్య వ్యవహారానికి ఆదివాసీ ఒడియా ఉపయోగపడుతుంది. సంతకు వెళ్ళి పది నిమిషాలు నిలబడితే చాలు, నాలుగు రకాల మాటలు వినిపిస్తాయి.

గదబ స్త్రీలు పూర్వం కెరంగ్ అనే మొక్క నారతో వడికిన దారంతో, రంగుల చారలు గల వస్త్రాన్ని తామే నేసుకొనేవారు. గదబల గుండ్రని ఇళ్ళు కూడా ప్రత్యేకమైనవి. విడిదులలో కనబడే గుండ్రని కుటీరాలకు ఈ ఇళ్ళతో పోలిక చెబుతారు గాని, అసలు ఇంటిలో ఉండే మట్టి అరుగు, లోపలి పొయ్యి, పైన ధాన్యం దాచుకొనే అటక వీటిలో ఉండవు.

ధింసా

విడిదులలో బస చేసేవారిని అన్నిటికంటె ఆకర్షించేది ధింసా నృత్యం. ఈ మాటకు అడుగుల సవ్వడి అని అర్థం చెబుతారు. పదిహేను ఇరవైమంది స్త్రీలు ఒకరి వీపు వెనుకగా మరొకరి చేయి పట్టుకొని గొలుసుగా ఏర్పడి, అందెలు ఒక్కసారిగా మ్రోగేటట్లు అడుగులు వేస్తారు. డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు వాయిస్తారు.

ధింసాలో అనేక రకాలు ఉన్నాయి. బోడ ధింసా గ్రామదేవతను కొలుస్తూ ఆడేది. గొడ్డిబేట ధింసాలో ముందుకు వంగి లేస్తూ ఊగుతారు. పొతర్‌తోల ధింసా ఆకులు ఏరుకోవడాన్ని, బాగ్ ధింసా పులి దాడి నుండి తప్పించుకోవడాన్ని అభినయిస్తాయి. కుండ ధింసాలో భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటారు. బాయ ధింసా పూనకం వచ్చినప్పటిది. కనుక దానిని అతిథుల కోరికమీద ఆడడం అసాధ్యం. ఆడితే అది బాయ ధింసా కాదు.

చైత్రమాసంలో వచ్చే ఇటుకల పండుగలోను, పెళ్ళిళ్ళలోను ధింసా రాత్రంతా సాగుతుంది. ఒక ఊరివారు మరొక ఊరికి వెళ్ళి, వారితో కలిసి ఆడి, విందు ఆరగించి వస్తారు. దీనిని సంకిడి కేల్బార్ అంటారు. అంటే ధింసా మొదటినుండీ అతిథి మర్యాదకు సంబంధించినదే. అయితే ఊరిలో అతిథి కూడా గొలుసులో చేరి ఆడేవాడు. విడిదిలో అతిథి కుర్చీలో కూర్చుంటాడు, సాయంత్రం కొద్దిసేపటిలో ప్రదర్శన ముగుస్తుంది. చివరలో ప్రేక్షకులను కూడా గొలుసులోకి పిలవడం అలవాటుగా మారింది. ఫొటోల కోసమే లేచేవారు ఎక్కువైనా, పాత పద్ధతికి కొంత దగ్గరగా ఉండేది ఆ కాసేపే. ఈ ప్రదర్శనల వలన కళ పలచబడుతున్నదని విమర్శ ఉన్నది. వ్యవసాయపు పనులు లేని రోజులలో బృందాలకు ఇది ఆదాయమన్న సంగతిని కూడా విమర్శకులు గమనించవలసి ఉంటుంది.

ఆహారం

బొంగు చికెన్ అరకు పేరుతో పెనవేసుకుపోయింది. పచ్చి వెదురు బొంగును ఒకవైపు కణుపు ఉండేటట్లు నరికి, ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడిమాంసాన్ని అందులో కూరి, మూతిని ఆకులతో బిగించి నిప్పులపై తిప్పుతూ కాలుస్తారు. నూనె వేయరు. వెదురులోని తేమతోనే మాంసం ఉడుకుతుంది. ఎండిన బొంగు వాడితే పగిలి మాడిపోతుంది. విడిదుల భోజనశాలలో కంటె దారి పక్కన నిప్పుల మీద కాల్చి ఇచ్చేదే రుచిగా ఉంటుందని చాలామంది అభిప్రాయం.

గిరిజనుల నిత్యాహారం మాత్రం ఇది కాదు. చోడి అంబలి, సామల అన్నం, దుంపలు, ఆకుకూరలు వారి రోజువారీ తిండి. పర్యాటకుల వంటకాల పట్టికలో ఇవి అరుదు. అరకు కాఫీకి మాత్రం విడిదులలోను, బయట కూడా మంచి గిరాకీ ఉన్నది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగెలతో కలిపి గిరిజన రైతులు పండించే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది.

భూమి, చట్టం

షెడ్యూలు ప్రాంతాల భూబదలాయింపు నిబంధన 1959లో వచ్చింది. 1970లో దానికి చేసిన సవరణే '1/70 చట్టం'గా ప్రసిద్ధి. దీని ప్రకారం ఇక్కడి భూమిని గిరిజనేతరులు కొనరాదు. ఒక గిరిజనేతరుడు మరొక గిరిజనేతరునికి అమ్మడం కూడా చెల్లదు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజులపై 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1997 జూలైలో తీర్పునిస్తూ, ప్రభుత్వం కూడా షెడ్యూలు ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని, ప్రభుత్వ సంస్థలకు, గిరిజన సహకార సంఘాలకు ఈ నిషేధం అడ్డు కాదని పేర్కొన్నది.

ఊటీ, కొడైకెనాల్ వంటి చోట్ల బయటివారి హోటళ్ళు కొండలను ఆక్రమించినట్లుగా అరకులో జరగకపోవడానికి ఈ చట్టం ముఖ్య కారణం. చట్టాన్ని తప్పించుకోవడానికి గిరిజనుల పేరుమీద బినామీలుగా వసతిగృహాలు నడుపుతున్నారన్న ఆరోపణలు తరచు వస్తుంటాయి. అటువంటి చోట భూమి యజమానిగా కాగితంమీద ఉన్న వ్యక్తి అదే హోటలులో గదులు ఊడ్చే పరిస్థితి కూడా ఉండవచ్చు. ఇక ప్రభుత్వ విడిదుల విషయంలో, పర్యాటక ఆదాయంలో స్థానిక పంచాయతీలకు ఎంత భాగం రావాలన్నదే వివాదం.

అనువైన కాలం

అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు వాతావరణం అనుకూలం. నవంబరు, డిసెంబరు నెలలలో వలిసె చేలు పసుపుపచ్చగా పూస్తాయి. ఈ కాలంలో సెలవు రోజులకు గదులు ముందుగానే నిండిపోతాయి. రాత్రివేళ చలి తీవ్రంగా ఉంటుంది కనుక ఉన్ని బట్టలు అవసరం. ధింసాను విడిదిలో కాక ఊరిలో చూడదలచినవారు మాత్రం చైత్రంలోనే రావాలి. ఇటుకల పండుగ రోజులలో మగవారు వేటకు పోతారు. ఆడవారు దారికి అడ్డంగా గడ పెట్టి వాహనాలను నిలిపి డబ్బులు అడుగుతారు. ఇది పండుగ ఆనవాయితీ, కనుక చిల్లర దగ్గర ఉంచుకోవడం మేలు.