లోహాఫెక్స్: సముద్రానికి ఇనుము వేస్తే ఏం జరిగింది?

దక్షిణ మహాసముద్రంలో ఇనుము కలిపి, వృక్ష ప్లవకాలు ఎంత పెరుగుతాయో, అవి పీల్చుకున్న కార్బన్ ఎక్కడికి చేరుతుందో తెలుసుకునేందుకు 2009లో భారత్, జర్మనీ కలిసి చేసిన ప్రయోగం లోహాఫెక్స్. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ (ఎన్ఐఓ), జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వెగెనర్ ఇన్‌స్టిట్యూట్ దీన్ని చేపట్టాయి. ఎన్ఐఓ శాస్త్రవేత్త వాజిహ్ నఖ్వీ, జర్మన్ సంస్థకు చెందిన విక్టర్ స్మెటాచెక్ నాయకత్వం వహించారు. తెలుగులో లోహం ఏదైనా కావచ్చు కానీ హిందీలో ‘లోహా’ అంటే ఇనుమే. ప్రయోగం పేరు అలా వచ్చింది.

ఇనుమే ఎందుకు?

సముద్రపు పైపొరల్లో తేలుతూ కిరణజన్య సంయోగక్రియ జరిపే సూక్ష్మజీవులే వృక్ష ప్లవకాలు. వాటికి నైట్రేట్, ఫాస్ఫేట్‌లతో పాటు అతి స్వల్పంగా ఇనుము కావాలి. దక్షిణ మహాసముద్రంలో మొదటి రెండూ సమృద్ధిగా ఉన్నా ప్లవకాలు తక్కువే. ఇనుము కొరతే దీనికి కారణమని 1980ల చివర్లో అమెరికా శాస్త్రవేత్త జాన్ మార్టిన్ ప్రతిపాదించారు. ఇనుము అందిస్తే ప్లవకాలు విరివిగా పెరిగి, చనిపోయాక సముద్రం అడుగుకు చేరి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తమతో తీసుకుపోతాయన్న ఆశ అక్కడ మొదలైంది. ఈ పద్ధతితో కార్బన్ క్రెడిట్లు అమ్ముకోవచ్చని కొన్ని వ్యాపార సంస్థలు కూడా ముందుకొచ్చాయి.

అభ్యంతరాలు

‘పోలార్‌స్టెర్న్’ పరిశోధన నౌక 2009 జనవరి 7న కేప్‌టౌన్ నుంచి బయలుదేరింది. 2008లో బాన్‌లో జరిగిన జీవవైవిధ్య సదస్సు, తీరప్రాంతాల్లో చేసే చిన్న అధ్యయనాలకు తప్ప ఇలాంటి ప్రయోగాలకు అనుమతి ఇవ్వొద్దని దేశాలను కోరింది. లోహాఫెక్స్ ఆ స్ఫూర్తికి విరుద్ధమని పర్యావరణ సంస్థలు ఆక్షేపించాయి. జర్మనీ పర్యావరణ శాఖ కూడా వారితో గొంతు కలిపింది. నౌక సముద్రంలో ఉండగానే ఆ దేశ పరిశోధన శాఖ స్వతంత్ర సమీక్షలు జరిపించి, నెలాఖరులో అనుమతించింది.

నౌకపై పని

నైరుతి అట్లాంటిక్‌లోని ఒక పెద్ద సుడిని ఎంచుకున్నారు. సుడి లోపలి నీరు చుట్టుపక్కల నీటితో త్వరగా కలవదు కాబట్టి, వారాల తరబడి అదే నీటిని వెంబడించవచ్చు. సుమారు 300 చదరపు కిలోమీటర్ల మేర రెండు విడతల్లో ఐరన్ సల్ఫేట్ ద్రావణాన్ని వదిలారు. అందులోని ఇనుము దాదాపు 4 టన్నులు. ఆ విస్తీర్ణానికి పంచితే చదరపు మీటరుకు 13 మిల్లీగ్రాములే. ఆపై 39 రోజులపాటు వివిధ లోతుల్లో నీటిని తోడి పోషకాలను, క్లోరోఫిల్‌ను, ప్లవకాలను కొలిచారు. కిందికి జారే రేణువులను పట్టే పరికరాలనూ దించారు.

ఫలితం

తొలి రెండు వారాల్లో వృక్ష ప్లవకాలు రెట్టింపయ్యాయి. తర్వాత పెరుగుదల ఆగింది. గాజు పెంకు లాంటి కవచముండే డయాటమ్‌లు బరువుగా ఉండి త్వరగా మునుగుతాయి. 2004లో ఇదే నౌక నుంచి జరిపిన ఐఫెక్స్ ప్రయోగంలో కార్బన్‌ను లోతుకు చేర్చినవి అవే. కానీ కవచానికి కావాల్సిన సిలికా ఈసారి నీటిలో దాదాపు లేదు. అందువల్ల కవచం లేని చిన్న ప్లవకాలే పెరిగాయి. వాటిని కోపిపాడ్‌లనే జంతు ప్లవకాలు మేశాయి. కోపిపాడ్‌లను రొయ్యల్లాంటి ఆంఫిపాడ్‌లు తిన్నాయి. కార్బన్‌లో ఎక్కువ భాగం పైపొరల్లోనే చక్రభ్రమణం చేసింది. అడుగుకు చేరింది స్వల్పం.

ప్రాధాన్యం

వాతావరణం నుంచి కార్బన్‌ను తొలగించే మార్గంగా చూస్తే లోహాఫెక్స్ నిరాశే మిగిల్చింది. సముద్ర శాస్త్రానికి మాత్రం విలువైన సమాచారం ఇచ్చింది. ఎంత ఇనుము వేశారన్న దాన్ని బట్టి ఎంత కార్బన్ తొలగిందో లెక్కకట్టలేమని, ఆ నీటిలో సిలికా ఎంత, మేసే జీవులెన్ని అన్నవీ చూడాలని తేలింది. 2013లో లండన్ ప్రోటోకాల్ సభ్యదేశాలు సముద్రానికి ఎరువు వేయడంపై నియంత్రణను ప్రతిపాదించే సవరణను ఆమోదించాయి. శాస్త్రీయ పరిశోధనకు మాత్రం, ముందస్తు సమీక్ష షరతుతో, అందులో వీలు కల్పించాయి.